కంటికి ఆనిన మనిషి: పరిసర రూపచిత్రంలో స్థలం, సంకేతం, సమ్మతి

వ్యాససంగ్రహం

మనిషిని తన ఇంటిలోనో, పనిచేసే చోటనో, తాను వాడే వస్తువుల నడుమ నిలిపి తీసే ఛాయాచిత్రాన్ని పరిసర రూపచిత్రం అనవచ్చు. ముఖం ఒక్కటే చెప్పలేని జీవితాన్ని చుట్టూ ఉన్న స్థలం చెబుతుందన్నది ఈ ప్రక్రియకు మూలవిశ్వాసం. ఆ విశ్వాసం ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆర్నాల్డ్ న్యూమన్, ఎడ్వర్డ్ కర్టిస్, డొరొతియా లాంగ్, గోర్డన్ పార్క్స్, గౌరీ గిల్ తదితరుల చిత్రాలతో పాటు, వలసపాలన కాలంలో భారతీయుల గురించి వెలువడిన ఛాయాచిత్ర సంపుటాలను ఇందుకు ఆధారం చేసుకుంటుంది. పరిసరం ఉన్నంత మాత్రాన మనిషి దర్శనమివ్వడనీ, ఆ పరిసరాన్ని ఎవరు ఎంచుకున్నారు, ఎవరు అమర్చారు అన్నదాని మీదనే చిత్రం విలువ ఆధారపడి ఉంటుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఛాయాచిత్రకళ, పరిసర రూపచిత్రం, సంకేతం, వృత్తి, కులం, సమ్మతి, గోర్డన్ పార్క్స్, ఎల్లా వాట్సన్.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'కనిపించడం' వేరు, 'కంటికి ఆనడం' వేరు. వీధిలో రోజూ వందమంది కనిపిస్తారు. వారిలో కంటికి ఆనేవారు కొద్దిమందే. ఎదుట నిలిచినా లెక్కలోకి రాని మనిషి గురించి 'కంటికి ఆనలేదు' అంటారు. చూపు దృశ్యానికే కాక గౌరవానికి కూడా సంబంధించినదన్న ఎరుక ఈ పలుకుబడిలో ఉంది. ఛాయాచిత్రకళలో రూపచిత్రం మొదటినుంచీ ఎదుర్కొంటున్న ప్రశ్న ఇదే. కెమెరా ముందు నిలిచిన ప్రతి మనిషీ చిత్రంలో కనిపిస్తాడు. ఆ చిత్రాన్ని చూసేవారి కంటికి అతడు ఆనుతాడా అన్నది వేరే సంగతి.

పంతొమ్మిదో శతాబ్దపు స్టూడియోలు ఈ ప్రశ్నకు ఒక విధమైన జవాబు చెప్పాయి. వెనుక ఒక తెర, పక్కన ఒక కుర్చీ లేదా పొట్టి స్తంభం, పైనుంచి పడే వెలుతురు: ఈ అమరికలో జమీందారు, గుమాస్తా, నవదంపతులు అందరూ ఒకే చోట నిలబడ్డారు. స్టూడియో మనిషిని తన జీవితం నుంచి వేరుచేసి ముఖాన్నీ దుస్తులనూ మాత్రమే మిగిల్చింది. పరిసర రూపచిత్రం దీనికి ఎదురునడిచింది. మనిషి కెమెరా దగ్గరకు రానక్కరలేదు, కెమెరాయే మనిషి ఉన్నచోటికి వెళ్ళాలన్నది దాని పద్ధతి. వెడల్పుగా చూసే కటకంతో, ముందున్న ముఖంతో పాటు వెనుక ఉన్న గోడ కూడా స్పష్టంగా వచ్చేట్లు తీయడం దాని సాంకేతిక లక్షణం.

ఈ పద్ధతిలో తీసిన చిత్రం స్టూడియో చిత్రం కంటే సహజంగానే సత్యానికి దగ్గరగా ఉంటుందన్న అభిప్రాయం బలంగా నాటుకొంది. స్వస్థలంలో ఉన్న మనిషి తన నిజరూపంలో ఉంటాడన్న ఊహ దీనికి ఆధారం. అయితే స్థలం తనంత తాను మాట్లాడదు. దానిలోని ఏ భాగాన్ని చట్రంలోకి తీసుకోవాలో, దేన్ని వదలాలో, మనిషిని దానికి ముందు ఎలా నిలపాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం ఎవరిదన్నది ఈ వ్యాసంలోని ప్రధాన విచారణాంశం.

2. పరిసరం సంకేతమైనప్పుడు: ఆర్నాల్డ్ న్యూమన్

పరిసర రూపచిత్రం అనగానే ముందుగా వినవచ్చే పేరు అమెరికన్ ఛాయాచిత్రకారుడు ఆర్నాల్డ్ న్యూమన్ (1918-2006). చిత్రలేఖనం చదువుతూ ఆర్థిక ఇబ్బందుల వల్ల మానుకొని, చౌకగా రూపచిత్రాలు తీసే స్టూడియోలలో పనిచేసిన అనుభవం అతడిది. ఒకే వెలుతురులో, ఒకే కుర్చీలో వచ్చిపోయే ముఖాలను చూసినవాడు కళాకారులను వారి పనిచోటుల్లో చిత్రించడానికి మొగ్గుచూపడం అర్థం చేసుకోదగినదే.

1946లో అతడు తీసిన సంగీతకర్త ఇగోర్ స్ట్రావిన్‌స్కీ చిత్రం ఈ ప్రక్రియకు ప్రమాణంగా నిలిచింది. చట్రంలో అధికభాగాన్ని పియానో ఎత్తిన మూత ఆక్రమించుకుంటుంది. లేత గోడమీద నల్లని ఆ ఆకారం స్వరలిపిలోని ఒక గుర్తును తలపిస్తుంది. ఎడమవైపు అడుగు మూలలో, చేతి మీద తల ఆనించుకొని స్ట్రావిన్‌స్కీ చిన్నగా కనిపిస్తాడు. సంగీతం ఎంత పెద్దదో, దాన్ని సృష్టించే మనిషి దాని పక్కన ఎంత ఒద్దికగా కూర్చున్నాడో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ పియానో స్ట్రావిన్‌స్కీ ఇంటిది కాదు. చిత్రం తీసింది న్యూయార్క్‌లో ఇతరుల నివాసంలో. పరిసర రూపచిత్రానికి తలమానికంగా చెప్పుకునే చిత్రంలో పరిసరం అరువుది. దీనివల్ల చిత్రం విలువ తగ్గదు కాని, దాని స్వభావం స్పష్టమవుతుంది. అక్కడున్నది స్ట్రావిన్‌స్కీ నివసించే స్థలం కాదు, స్ట్రావిన్‌స్కీ గురించి న్యూమన్ చేసిన ఒక వాక్యం. 'పరిసర రూపచిత్రం' అన్న ముద్ర న్యూమన్‌కు ఎప్పుడూ పూర్తిగా రుచించలేదు. తన చిత్రాలలో సంకేతానికున్న ప్రాధాన్యాన్ని ఆ పేరు పట్టుకోలేదన్నది అతడి అసంతృప్తి. ఆ అసంతృప్తి సమంజసమైనదే.

సంకేతం గౌరవించడానికి ఎంత ఉపయోగపడుతుందో, తీర్పు చెప్పడానికీ అంతే ఉపయోగపడుతుందని న్యూమన్ 1963లో నిరూపించాడు. ఆ ఏడాది జర్మన్ పారిశ్రామికవేత్త ఆల్‌ఫ్రీడ్ క్రుప్ రూపచిత్రాన్ని ఎస్సెన్‌లోని కర్మాగారంలో తీశాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బలవంతపు శ్రమను వాడుకున్న నేరానికి 1948లో న్యూరెంబర్గ్‌లో శిక్షపడి, 1951లో విడుదలైన వ్యక్తి క్రుప్. న్యూమన్ యూదుడు. చిత్రంలో క్రుప్ గడ్డం కింద చేతులు ముడుచుకొని ముందుకు వంగి ఉంటాడు. రెండువైపులనుంచి పడిన వెలుగు ముఖం మీద క్రూరమైన నీడలను మిగిల్చింది. వెనుక కర్మాగారం చీకటి దారిలా సాగిపోతుంది. ఆ స్థలం క్రుప్‌కు నిజంగా చెందినదే. అయినా చిత్రం చెప్పే మాట అతడిది కాదు. ఆ తీర్పు న్యాయమైనదని చూసేవారికి అనిపించవచ్చు. కాని పరిసరం వాస్తవమైనంత మాత్రాన చిత్రం ఆ మనిషి స్వీయకథనం కాబోదని ఈ ఉదాహరణ తేటతెల్లం చేస్తుంది.

స్ట్రావిన్‌స్కీకీ క్రుప్‌కూ ఒక సదుపాయం ఉంది. లోకం వారిని వేరే మార్గాల్లో ముందే ఎరుగును. ఒకరి సంగీతం, మరొకరి చరిత్ర చిత్రానికి వెలుపల నమోదై ఉన్నాయి. చిత్రం ఏమి చెప్పినా దానితో సరిపోల్చుకోవడానికి మరొకటి ఉంది. పేరులేని మనిషికి ఆ సదుపాయం లేదు. అతడి గురించి లోకానికి మిగిలేది ఆ చిత్రమొక్కటే కావచ్చు. అందువల్ల ఈ ప్రక్రియను పరీక్షించవలసింది ప్రసిద్ధుల చిత్రాలతో కాదు, అనామకుల చిత్రాలతో.

3. పరిసరం ముద్రగా మారినప్పుడు: వృత్తి, కులం, చట్రం

భారతదేశంలో మనిషిని అతడి పనిముట్టుతో కలిపి చిత్రించే అలవాటు ఛాయాచిత్రకళ కంటే పాతది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల కోసం స్థానిక చిత్రకారులు కులాలనూ వృత్తులనూ వరుసగా చూపే బొమ్మల సంపుటాలు తయారుచేసేవారు. ఒక్కో పుటలో ఒక జంట, వారి చేతిలో వారి వృత్తిని తెలిపే సాధనం. ఆ బొమ్మల్లో మనుషులకు పేర్లుండవు. వృత్తులకు మాత్రమే పేర్లుంటాయి.

కెమెరా వచ్చాక ఈ చూపు మరింత ప్రామాణికతను సంతరించుకుంది. జె. ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే సంపాదకత్వంలో 1868-1875 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' ఇందుకు పెద్ద ఉదాహరణ. 1857 తిరుగుబాటు తరువాత పాలకులకు ప్రజలను గుర్తుపట్టి వర్గీకరించవలసిన అవసరం పెరిగింది. ఈ సంపుటాల్లో ప్రతి ముఖం ఒక తెగకో కులానికో నమూనా. చిత్రానికి తోడుగా ఉన్న వ్యాఖ్య ఆ సమూహం విధేయమైనదా, ప్రమాదకరమైనదా అని కూడా పలుచోట్ల సూచిస్తుంది. వేల ముఖాలు చూసినా ఒక్క మనిషినీ కలుసుకోని చూపు అది.

విలియం జాన్సన్ బొంబాయి నివాసుల మీద 1863, 1866 సంవత్సరాల్లో ప్రచురించిన రెండు సంపుటాలు మరో వింతను చూపుతాయి. వాటిలోని పలు చిత్రాల్లో మనుషులను ఒకచోట చిత్రించి, వేరొకచోట తీసిన దృశ్యాన్ని వెనుక జతచేసి ముద్రించారు. మనిషికీ వెనుక ఉన్న వీధికీ సంబంధం లేదు. అయినా చూసేవారికి అది అతడి సహజ పరిసరంగానే తోస్తుంది. పరిసరం నమ్మకాన్ని కలిగిస్తుంది కనుకనే దాన్ని కల్పించవలసి వచ్చింది.

ఈ చరిత్ర కారణంగా పరిసర రూపచిత్రానికి భారతీయ సందర్భంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఏర్పడింది. స్ట్రావిన్‌స్కీ పక్కన పియానోను నిలిపితే అది అతడి ప్రతిభను చెబుతుంది. కుమ్మరి సారె ముందు, గుంట మగ్గంలో, చాకిరేవులో మనిషిని నిలిపితే అతడి నైపుణ్యంతో పాటు పుట్టుకను కూడా చెబుతుంది. వృత్తి అనగానే కులం స్ఫురించే సమాజంలో పనిముట్టు తటస్థమైన వస్తువు కాదు. మగ్గం ముందు నేతగానిని చూపే చిత్రం అతడి కళను గౌరవిస్తున్నానని అనుకుంటూనే, పాత సంపుటాల్లోని వర్గీకరణను మళ్ళీ అచ్చువేయవచ్చు. కిటికీ నుంచి ఏటవాలుగా పడే వెలుతురు, ముడతలుపడిన ముఖం, నూలుపోగులు కలిసి చూడముచ్చటైన చిత్రాన్ని ఇస్తాయి. కాని ఆ సొగసు మనిషిని అక్కడే, అలాగే ఉండిపొమ్మంటుంది.

పనిముట్టును చట్రంలోంచి తీసివేయడం దీనికి పరిష్కారం కాదు. పని మనిషి జీవితంలో పెద్ద భాగం. దాన్ని దాచడం మరో రకమైన అవమానం. అసలు లోపం పనిముట్టు ఉండటంలో లేదు, పనిముట్టు ఒక్కటే ఉండటంలో ఉంది. మగ్గం గుంజకు వేలాడుతున్న ఫోను చార్జరు, గూట్లో కూతురి పాఠ్యపుస్తకాలు, గోడమీద నాయకుడి పటం, మూలనున్న మందుల సంచి వంటివి చిత్రంలో మిగిలి ఉంటే, నేతగాడు నేతకు మించిన మనిషి అవుతాడు. 'సంప్రదాయం' అనే భావనకు అడ్డువస్తాయని సాధారణంగా పక్కకు జరిపేది వీటినే.

4. తొలగించిన గడియారం, దగ్గరైన చట్రం

అడ్డువచ్చిన వస్తువును పక్కకు జరపడం అమెరికాలోనూ జరిగింది. ఎడ్వర్డ్ కర్టిస్ 1910 ప్రాంతంలో పీగన్ తెగకు చెందిన ఒక తండ్రీకొడుకులను వారి గుడారంలో చిత్రించాడు. వారి మధ్య నేలమీద ఒక గడియారం ఉంది. 'ది నార్త్ అమెరికన్ ఇండియన్' సంపుటాల్లో అచ్చయిన చిత్రంలో ఆ గడియారం లేదు, దాన్ని చెరిపివేశారు. అంతరించిపోతున్న జాతిని నమోదుచేస్తున్నానన్న కర్టిస్ సంకల్పానికి ఆ గడియారం పొసగలేదు. ఇరవయ్యో శతాబ్దంలో జీవిస్తూ, సమయం చూసుకునే మనుషులు అతడికి అక్కర్లేదు.

ఆ చిత్రంలో తక్కినవన్నీ వాస్తవమే. గుడారం, దుస్తులు, ముఖాలు అన్నీ వారివే. ఒక్క వస్తువు పోవడంతో వారు తమ కాలం నుంచే తొలగిపోయారు. ఛాయాచిత్రకారుడు అనుకున్న కథకు ఇబ్బంది కలిగించే వస్తువే చాలాసార్లు చిత్రితుడి జీవితానికి అత్యంత దగ్గరి సాక్ష్యమని ఈ ఉదాహరణ తెలియజేస్తుంది.

పరిసరాన్ని చెరపకుండానే కోల్పోయే మార్గం మరొకటుంది. 1936లో డొరొతియా లాంగ్ కాలిఫోర్నియాలోని నిపోమో వద్ద వలసకూలీల శిబిరంలో ఒక తల్లినీ పిల్లలనూ చిత్రించింది. ఆ వరుసలోని దూరపు చిత్రాల్లో గుడారం, సామాను, పెద్ద కూతురు కనిపిస్తారు. లాంగ్ దగ్గరకు జరిగేకొద్దీ అవి చట్రం బయటకు పోయాయి. 'మైగ్రెంట్ మదర్'గా లోకప్రసిద్ధి పొందిన చివరి చిత్రంలో తల్లి ముఖం, గడ్డానికి ఆనిన చెయ్యి, చెరోవైపు ముఖం తిప్పుకున్న పిల్లలు మాత్రమే మిగిలారు. పేదరికానికీ మాతృత్వానికీ అది ప్రపంచమంతటా ప్రతీక అయింది. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థామ్సన్ అనీ, చెరొకీ మూలాలు కలిగిన స్త్రీ అనీ లోకానికి తెలియడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. ఆ చిత్రం వల్ల తనకు ఒరిగిందేమీ లేదన్న బాధను ఆమె తరువాతి కాలంలో వ్యక్తపరచింది.

ఆ చిత్రం సహాయకచర్యలకు తోడ్పడిందన్నది కూడా నిజమే. కరుణను కదిలించే శక్తి దానికి ఉంది. అయితే కరుణకు పాత్రమవడం, కంటికి ఆనడం ఒకటి కావు. కోట్లమంది చూసిన ముఖం గల స్త్రీ తాను చూడబడలేదని అనుకోవడంలో వైరుధ్యం లేదు.

5. ఎల్లా వాట్సన్: జెండా నుంచి గది దాకా

పైన చెప్పిన రెండు ధోరణులూ, అంటే సంకేతంగా మారిన స్థలం, సంకేతాన్ని దాటిన స్థలం, ఒకే ఛాయాచిత్రకారుడి చేతిలో, ఒకే మనిషి విషయంలో కనిపించే అరుదైన సందర్భం గోర్డన్ పార్క్స్ (1912-2006) కృషిలో ఉంది.

1942లో పార్క్స్ రోజన్‌వాల్డ్ ఫెలోషిప్ మీద వాషింగ్టన్ చేరి, రాయ్ స్ట్రైకర్ నేతృత్వంలోని ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ ఛాయాచిత్ర విభాగంలో చేరాడు. నల్లజాతీయుడైన కారణంగా రాజధాని నగరంలో దుకాణంలోనూ, భోజనశాలలోనూ, సినిమాహాలులోనూ అతడికి అవమానాలు ఎదురయ్యాయి. ఆ ఆగ్రహాన్ని ఛాయాచిత్రంగా మలచడం ఎలాగన్న సందిగ్ధంలో ఉండగా, అదే భవనంలో నేలలు తుడిచే ఒక స్త్రీతో మాట్లాడిచూడమని స్ట్రైకర్ సూచించాడు. ఆమె ఎల్లా వాట్సన్. ఏడాదికి 1,080 డాలర్ల జీతంతో మనవలనూ దత్తపుత్రికనూ పోషిస్తున్న మనిషి.

పార్క్స్ ఆమెను అమెరికా జెండా ముందు నిలిపాడు. చేతిలో చీపురు, వెనుక ఒకపక్క నేల తుడిచే గుడ్డకర్ర. చుక్కల గౌను, కళ్ళజోడు, నిబ్బరమైన ముఖం. గ్రాంట్ వుడ్ 1930లో గీసిన 'అమెరికన్ గోథిక్' చిత్రాన్ని తలపించే ఆ కూర్పుకు తరువాత అదే పేరు స్థిరపడింది. సమానత్వాన్ని చాటే జెండా, ఆ సమానత్వం దక్కని మనిషి ఒకే చట్రంలో ఇమిడిన ఈ చిత్రం ఒక దేశం మీద మోపిన నేరారోపణ. దీన్ని చూసి స్ట్రైకర్ సైతం కలవరపడ్డాడని పార్క్స్ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నాడు.

ఈ చిత్రం శక్తిని తక్కువచేయవలసిన పనిలేదు. అయినా ఇందులో మాట్లాడుతున్నది ఎవరన్న ప్రశ్న వేయవలసిందే. జెండాను ఎంచుకున్నది పార్క్స్. చీపురును పట్టించి నిలిపిందీ పార్క్సే. చట్రంలోని ఆగ్రహం ప్రధానంగా అతడిది. ఎల్లా వాట్సన్ దానికి తన శరీరాన్ని, తన నిబ్బరాన్ని అరువిచ్చింది. న్యూమన్ పియానో స్ట్రావిన్‌స్కీ గురించి చేసిన వాక్యమైనట్లే, ఈ జెండా ఎల్లా వాట్సన్ మీదుగా అమెరికా గురించి చేసిన వాక్యం. ఆ వాక్యం సత్యమైనదే, కాని దాని కర్త ఆమె కాదు.

పార్క్స్ అక్కడితో ఆగిపోయి ఉంటే చర్చ కూడా అక్కడితో ముగిసేది. అతడు తరువాత కొన్ని వారాలపాటు ఆమె వెంట నడిచాడు. ఆమె ఇంటికి, ఆమె వెళ్ళే ప్రార్థనా మందిరానికి, ఆమె సరుకులు కొనే వీధికి వెళ్ళాడు. ఆ చిత్రాలు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఒకవైపు తలుపు సందులోంచి వంటగదిలో పిల్లల నడుమ కూర్చున్న ఎల్లా వాట్సన్ కనిపిస్తుంది. మరోవైపు అద్దమున్న బల్ల. అద్దంలో దత్తపుత్రిక ప్రతిబింబం. బల్ల మీద చట్రం కట్టిన ఒక దంపతుల పాత ఛాయాచిత్రం.

ఈ చిత్రంలో జెండా లేదు, చీపురు లేదు. ఉన్నది ఒక ఇంటి అమరిక. ఆ దంపతుల పటాన్ని అక్కడ ఉంచింది పార్క్స్ కాదు. అద్దం ఎదురుగా బల్లను వేసుకున్నదీ, వంటగదిలో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకున్నదీ ఆ ఇంటివారే. ఛాయాచిత్రకారుడు చేసిన పనల్లా ఆ అమరిక అంతా ఒకే చూపుకు అందే చోటును వెదికి నిలబడటం. పాత పటంలోని తరం, వంటగదిలోని స్త్రీ, అద్దంలోని యువతి, ఒళ్ళోని పిల్లలు ఇలా పలు తరాలు ఒకే గదిలో ఉన్నాయి. పెద్ద చిత్రంలో ఒంటరిగా నిలిచిన మనిషి ఇక్కడ ఒక కుటుంబానికి నడుమ ఉంది.

సాంకేతికంగా చూసినా ఈ రెండింటి మధ్య భేదం అర్థవంతమైనది. జెండా చిత్రంలో మనిషి స్పష్టంగా, వెనుక ఉన్నది మసకగా ఉంటుంది. పరిసరం గుర్తుపట్టడానికి సరిపోతే చాలు, పరిశీలించడానికి అందులో ఏమీ లేదు. గది చిత్రంలో కన్ను ఒకచోట ఆగదు. ప్రతి మూలా చూడదగినదే. సంకేతం ఒక్కసారికి అర్థమైపోతుంది. గది మాత్రం మళ్ళీ మళ్ళీ చూడమంటుంది.

ఇదే వరుసలోని మరికొన్ని చిత్రాల్లో ఆమె ఇంట్లోని పూజాస్థలం, దానిమీది మూర్తులు, కొవ్వొత్తులు, ఆమె ఇంటివారికి బైబిలు చదివి వినిపించే దృశ్యం కనిపిస్తాయి. నేలలు తుడిచే ఉద్యోగిగా కార్యాలయానికి తెలిసిన మనిషి, తన ఇంట్లో గ్రంథం చదివి వినిపించే పెద్ద. ఈ రెండో స్థానాన్ని జెండా ముందు నిలిపిన చిత్రం చెప్పలేదు, చెప్పడానికి వీలూ లేదు. అందుకు ఇంటికి వెళ్ళాలి, పిలుపు అందాలి, కొన్ని వారాలు గడవాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావుంది. జెండా చిత్రం ప్రసిద్ధి పొందకపోతే గది చిత్రాన్ని వెదికేవారెవరు? ఇది కొట్టివేయదగిన మాట కాదు. గట్టిగా పలికే చిత్రం చూపును రప్పిస్తుంది. నెమ్మదిగా పలికే చిత్రం దాన్ని నిలుపుతుంది. లోపం మొదటి చిత్రంలో లేదు, దానితోనే తృప్తిపడే లోకం అలవాటులో ఉంది. పుస్తకాల అట్టల మీదా ప్రదర్శనల గోడల మీదా మొదటి చిత్రమే పదేపదే కనబడుతుండగా, గది చిత్రం చాలావరకు పరిశోధకులకే తెలిసి ఉండటం ఈ అలవాటుకు నిదర్శనం.

6. ఎంచుకున్న నేపథ్యం

అమరిక ఎవరిదన్నదే ప్రమాణమైతే, ఒక విచిత్రమైన ఫలితం వస్తుంది. ఇతరులు ఎంచిన నిజమైన నేపథ్యం కంటే, మనిషి తానుగా ఎంచుకున్న కల్పిత నేపథ్యం అతడిని ఎక్కువగా వెల్లడించవచ్చు. భారతీయ స్టూడియోల రంగుల తెరలను ఈ దృష్టితో చూడాలి. తాజ్‌మహల్ తెర ముందో, అట్టతో చేసిన చందమామ మీదో, రంగులేసిన మోటారుకారు పక్కనో నిలిచి ఫోటో తీయించుకున్నవారు చూసేవారిని మోసగించలేదు. ఆ తెర తెరేనని అందరికీ తెలుసు. తమ ఉనికి తమ పనిచోటుతో ముగిసిపోదని వారు ఆ తెర ద్వారా ప్రకటించారు. మానవశాస్త్రవేత్త క్రిస్టఫర్ పిన్నీ 1997లో ప్రచురించిన 'కెమెరా ఇండికా'లో మధ్యభారతంలోని స్టూడియోలను ఈ కోణం నుంచే పట్టించుకోవడం గమనార్హం.

హైదరాబాదు చరిత్రలోనూ ఇందుకు సంబంధించిన ఒక ఘట్టం ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844-1905) 1892లో అక్కడ స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో ప్రారంభించాడు. పరదా పాటించే స్త్రీలు పురుషుల కంటపడకుండా చిత్రాలు తీయించుకోవడానికి వీలుగా దాని నిర్వహణను ఒక బ్రిటిష్ మహిళకు అప్పగించాడు. కనిపించడం, కనిపించకపోవడం అనే రెంటి మధ్య ఆ స్త్రీలకు మూడో దారి దొరికింది. ఎవరు తీయాలో, ఎవరు చూడాలో ముందుగా ఏర్పరచుకొని, ఆ మేరకే చూపుకు అందడం ఆ దారి. పరదా వ్యవస్థ విధించిన హద్దులను ఆ స్టూడియో తొలగించలేదు. కాని, తనను చూసే చూపు మీద చిత్రితురాలికి కొంత హక్కు ఉండాలన్న సూత్రం దానిలో ఇమిడి ఉంది.

సమకాలీన కృషిలో గౌరీ గిల్ 'బాలికా మేళా' ఈ సూత్రానికి విస్తృతిని కల్పించింది. 2003లో రాజస్థాన్‌లోని లూణ్‌కరణ్‌సర్‌లో గ్రామీణ బాలికల కోసం జరిగిన మేళాలో ఆమె ఒక డేరాలో తాత్కాలిక స్టూడియోను ఏర్పాటుచేసింది. వచ్చిన బాలికలు ఒంటరిగానో, స్నేహితురాళ్ళతోనో, అక్కడున్న కొద్దిపాటి వస్తువులలో తమకు నచ్చినదాన్ని పట్టుకొనో, తమకు తోచిన తీరులో నిలిచారు. కావాలనుకున్నవారు తమ చిత్రప్రతిని పొందే వీలుంది. 2010లో గిల్ మళ్ళీ అక్కడికి వెళ్ళింది. ఎడారి గ్రామాల బాలికలు అనగానే ఊహకు వచ్చే కుండలు, ఇసుకతిన్నెలు ఈ చిత్రాల్లో లేవు. ఉన్నది ఒక సాదా తెర, దాని ముందు తమ గురించి తామే నిర్ణయించుకున్న కొందరు పిల్లలు. పరిసరం అతి తక్కువగా ఉన్నప్పటికీ, పరిసర రూపచిత్రం ఆశించిన ఫలం ఇక్కడ సిద్ధించింది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల పరిసర రూపచిత్రాన్ని అంచనా వేయడానికి మూడు ప్రశ్నలు ఉపకరిస్తాయని తేలుతుంది. చట్రంలోని వస్తువులను ఆ చోట ఉంచింది ఎవరు? ఛాయాచిత్రకారుడి కథకు ఇబ్బంది కలిగించే వస్తువు ఏదైనా చిత్రంలో మిగిలి ఉందా? చిత్రం తీయడానికి ముందూ తరువాతా చిత్రితుడితో ఛాయాచిత్రకారుడికి సంబంధం నిలిచిందా? మొదటిది అమరికకు, రెండోది నిజాయితీకి, మూడోది సమ్మతికి సంబంధించినవి. స్ట్రావిన్‌స్కీ చిత్రం మొదటి ప్రశ్న వద్దనే ఆగిపోయినా గొప్ప చిత్రమే. అది సంకేతచిత్రంగా గొప్పది. కర్టిస్ చిత్రం రెండో ప్రశ్న వద్ద ఓడిపోతుంది. లాంగ్ చిత్రం మూడో ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఎల్లా వాట్సన్ గది చిత్రం మూడింటికీ నిలుస్తుంది.

తెలుగునాట పత్రికలలోనూ, పోటీలలోనూ, ప్రదర్శనలలోనూ వృత్తికారుల రూపచిత్రాలకు ఆదరణ ఎక్కువ. వాటిలో వెలుతురు గురించీ కూర్పు గురించీ చర్చ జరిగినంతగా, ఆ మనిషి పేరు శీర్షికలో ఉందా, ఆ చిత్రప్రతి అతడి ఇంటి గోడకు చేరిందా అన్న చర్చ జరగదు. పేరు రాయడం, ప్రతి ఇవ్వడం చిన్న పనులుగా తోచవచ్చు. కాని 'ఒక నేతగాడు' అన్న శీర్షికకూ ఆ నేతగాని పేరుకూ మధ్య ఉన్న దూరమే, వలసపాలన కాలపు సంపుటానికీ రూపచిత్రానికీ మధ్య ఉన్న దూరం. ఆ దూరాన్ని దాటడానికి మేలైన కటకం అవసరం లేదు. ఇంటి గడప దగ్గర ఆగి, లోపలికి రమ్మన్న తరువాతే వెళ్ళి, అక్కడ ఏది ఎలా ఉందో దాన్ని అలాగే ఉండనిచ్చే ఓపిక అవసరం.